సారె లారీలో రాజహంసలు

జిబెక్‌కి నలభై మూడో ఏట పెళ్ళి కుదిరింది. కుదిరింది అనడం కంటే, తనే కుదుర్చుకుంది అనడం సబబు. ఇరవై ఏళ్ళుగా ఆమె కోర్గల్జిన్ పక్షుల రక్షిత ప్రాంతంలో పని చేస్తోంది. టెంగిజ్ సరస్సులో పుట్టిన రాజహంస పిల్లల్ని పట్టి, కాలికి నంబరున్న కడియం తొడిగి వదిలేయడం ఆమె ఉద్యోగం. "సరస్సులో ఉన్న పక్షులన్నిటికీ కడియాలు తొడిగావు, నీ చెవులకి నిశ్చితార్థపు కమ్మలు పెట్టేవాడు మాత్రం ఒక్కడూ దొరకలేదు" అని వదిన కుల్పాష్ పదిహేనేళ్ళు దెప్పింది. అన్న పోయిన దగ్గర్నుంచి ఆ ఇంటికి పెద్ద దిక్కు కుల్పాషే. కాబట్టి దెప్పే హక్కు కూడా పూర్తిగా ఆమెదే.

చివరికి కమ్మలు పెట్టినవాడు మదియార్. దక్షిణాన తుర్కిస్తాన్ దగ్గర వాళ్ళ ఊరు. భార్య పోయి పదేళ్ళయింది. ఏటా శరత్కాలంలో లారీ నిండా ఖర్బూజాలు వేసుకుని ఉత్తరానికి వచ్చి అమ్ముకుని వెళ్తాడు. ఆరేళ్ళ క్రితం జిబెక్ అతని దగ్గర ఒక కాయ కొంది. ఇంటికెళ్ళి కోస్తే లోపల ముల్లంగిలా తెల్లగా, చప్పగా ఉంది. మర్నాడు ఆ సగం కాయ తెచ్చి, బేరానికొచ్చిన వాళ్ళందరి ముందూ అతని ముక్కు కింద పెట్టింది. మదియార్ నిలబడి ఆ సగం కాయా తొక్క దాకా తినేసి, "చక్కెరలా ఉంది కదండీ" అన్నాడు. అంటుంటే అతని చెవులు రెండూ దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి. అబద్ధం చెప్తే పట్టుబడిపోయే మనిషి అని జిబెక్‌కి ఆ రోజే అర్థమైంది. తర్వాతి సంగతి ఐదేళ్ళు పట్టింది గానీ, పునాది మాత్రం ఆ ముల్లంగి కాయే.

అక్టోబరు పదిహేడున అమ్మాయిని సాగనంపే విందు. రెండు వారాలు వాయిదా వేయమని జిబెక్ బతిమాలింది. ఆ ఏడు వసంతంలో మంచు ఒక్కసారిగా కరిగి సరస్సులో దీవులన్నీ మునిగిపోయాయి. రాజహంసలు గూళ్ళు కట్టుకోవడానికి చోటు లేక నెలన్నర ఆగాల్సొచ్చింది. పిల్లలు పుట్టేసరికి ఆగస్టు సగం అయింది. రెండున్నర నెలలు నిండితే గానీ వాటి రెక్కలకు ఎగిరే బలం రాదు. పెద్దవి ఎప్పటిలాగే చలి వాసన తగలగానే దక్షిణానికి వెళ్ళిపోయాయి. ముందు పుట్టిన పిల్లలు వాటి వెంట వెళ్ళాయి. వెనక పుట్టినవి మిగిలిపోయాయి.

"నవంబరు మొదటి వారం దాకా ఆగితే చాలు వదినా, అవి ఎగిరిపోతాయి, నేనూ ఎగిరిపోతాను" అంది జిబెక్.

"నలభై మూడేళ్ళు ఆగాం. ఇంక ఒక్క పూట కూడా ఆగను" అంది కుల్పాష్. "రెండొందల మందికి పిలుపులు వెళ్ళాయి. గుర్రాన్ని కోశాం. ఆ గుర్రాన్ని మళ్ళీ అతికించమంటావా?"

దాంతో పదిహేడో తేదీ పొద్దున జిబెక్ పెళ్ళికూతురై, గదిలో మూలకి కట్టిన తెర వెనక కూర్చుంది. తల మీద మూరెడు పొడుగు పెళ్ళి టోపీ, దానికి అడుగడుగునా గలగలలాడే వెండి బిళ్ళలు. మగపెళ్ళివారు ఏడుగురు ముందు రోజే వచ్చారు. వాళ్ళకి పెద్ద, మదియార్ పెదనాన్న నుర్తజా. డెబ్బై ఒక్కేళ్ళు. ఆయన కుర్చీలో కూర్చుంటే కుర్చీ ఉందన్న సంగతి ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం విందు ముగించుకుని, పెళ్ళికూతుర్ని వ్యానులో, సారెని మదియార్ లారీలో వేసుకుని బయల్దేరాలని ఏర్పాటు.

టీలు పోస్తున్న సమయానికి గుర్రాలు కాసే సాన్సిజ్‌బై లోపలికొచ్చాడు. మీసాల మీద మంచు కరుగుతోంది. రొట్టె ముక్క తుంచుకుంటూ మామూలుగా అన్నాడు.

"రాత్రికి రాత్రే గడ్డకట్టేసిందర్రా. సోర్‌కోల్ మడుగులో మన జిబెక్ పిల్లలు మేకులు కొట్టినట్టు నిలబడున్నాయి. కదలవు, మెదలవు."

తెర వెనక వెండి బిళ్ళలు గలగలమన్నాయి. తెర పక్కకి జరిగింది. పెళ్ళికూతురి మొహం బయటికొచ్చింది.

"ఎన్ని?"

"ఇరవై పైనే ఉంటాయి. రెండు మూడు పడుకున్నట్టున్నాయి."

"రాజహంసలు నిలబడే నిద్రపోతాయి" అంది జిబెక్. లేచి నిలబడింది.

ఆశీర్వాదం కాకుండా పెళ్ళికూతురు గడప దాటకూడదు. ఆ సంగతి చెప్పడానికి కుల్పాష్ మాట ఖర్చు పెట్టలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సోర్‌కోల్ దాకా వెళ్ళొస్తా వదినా. ఎనిమిది కిలోమీటర్లే."

"నెత్తిన ఆ గోపురం పెట్టుకునా?"

జిబెక్ టోపీ తీసి వదిన తల మీద పెట్టింది. టోపీ కళ్ళ దాకా దిగడంతో కుల్పాష్‌కి ఒక్క క్షణం లోకం చీకటైంది. ఆ క్షణం చాలు. జిబెక్ పట్టు గౌను ఎత్తి పట్టుకుని, వాకిట్లో ఎవరివో రబ్బరు బూట్లు తొడుక్కుని, పరుగు. వాకిట్లో ఆడుకుంటున్న పిల్లలు ఊరంతా వినపడేలా "పెళ్ళికూతురు పారిపోతోంది" అని అరిచారు.

మగపెళ్ళివారంతా టీ గిన్నెలు గాల్లో ఉండగా ఆగిపోయారు. మదియార్ అప్పటికే గోడ దూకేశాడు. నుర్తజా నిదానంగా లేచి, బొచ్చు కోటు వేసుకుని, గుమ్మం దగ్గర టోపీ కింద నుంచి దారి వెతుక్కుంటున్న కుల్పాష్‌ని అడిగాడు.

"చెల్లెమ్మా, పిల్ల పారిపోతే వెంటపడడం మా వంతా, మీ వంతా?"

"మీ వంతే అన్నయ్యగారూ" అంది కుల్పాష్ తడుముకోకుండా.

"అయితే పదండి" అన్నాడాయన. "విందు కన్నా ఇదే బాగుండేట్టుంది."

పది నిమిషాల్లో ఊళ్ళో ఉన్న బళ్ళన్నీ కదిలాయి. ఏం జరుగుతోందో తెలిసినవాళ్ళు నలుగురు. మిగతా వాళ్ళు ఏదో జరుగుతోందన్న ఆశతో వచ్చారు.

సోర్‌కోల్ మోకాలి లోతు ఉప్పు మడుగు. దాని మీద అద్దంలాంటి పల్చటి మంచుగడ్డ. ఆ గడ్డ మధ్యలో ఇరవై మూడు బూడిద రంగు పిల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడున్నాయి. గులాబీ రంగు ఇంకా ఎక్కలేదు. పుల్లల్లాంటి కాళ్ళు, కుళాయిల్లా వంగిన మెడలు. ఎగరడానికి రెక్క విప్పితే రెక్కంతా మంచు పొడి. పక్కన రెండు పడి ఉన్నాయి. జిబెక్ వాటి వైపు ఒకసారి చూసి, మళ్ళీ చూడలేదు.

"తరిమితే బెదిరి పరిగెడతాయి, కాళ్ళు విరుగుతాయి" అంది. "మూడు వైపులా గోడ కట్టి, మెల్లగా ఒడ్డుకి నడిపించాలి. వల కావాలి. వల ఆఫీసులో ఉంది."

"గోడంటే బట్ట పనికొస్తుందా?" అని వెనక నుంచి కుల్పాష్ అడిగింది. టోపీ ఇంకా ఆమె తల మీదే ఉంది, ఈసారి సరిగ్గా. రెండొందల మందికి పరవడానికి కుట్టించిన విందు గుడ్డ, నలభై గజాల పొడుగు, చాపలా చుట్టి బండిలో వేసుకొచ్చింది. ఎందుకు తెచ్చావని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

గుడ్డని నిలువుగా పట్టుకోవడానికి అరవై మంది కావలసి వచ్చారు. పట్టు చొక్కాలు, కొత్త బూట్లు, సెంటు వాసనలు, అందరూ గడ్డ పగలగొట్టుకుంటూ నీళ్ళలోకి దిగారు. ఆడవాళ్ళు చలికి కీచుమంటూ నవ్వుతున్నారు. మగవాళ్ళు చలి వేయనట్టు నటిస్తూ దొరికిపోతున్నారు. తెల్లటి గోడ అడుగులో అడుగేసుకుంటూ దగ్గరికి జరిగింది. పిల్లలు తలలు ఎత్తి చూసి, ముందుకి అడుగేశాయి. ఒకటి, రెండు, తర్వాత గుంపంతా, ముసలివాళ్ళు మసీదుకి వెళ్తున్నంత మర్యాదగా.

అంతలో నుర్తజా నిలబడ్డ చోట కింద బురద జారి, ఆయన నడుం దాకా దిగబడ్డాడు. గోడలో కంత పడింది. ఒక పిల్ల ఆ కంతలోంచి దూసుకొచ్చి, ఎటు పోవాలో తెలియక, తెరుచుకున్న ఆయన బొచ్చు కోటులో తల దూర్చేసింది. తర్వాత మెడ, ఒళ్ళు కూడా. బయట రెండు కాళ్ళు మాత్రం మిగిలాయి.

అందరూ ఆగిపోయారు. నుర్తజా కదల్లేదు. గడ్డం కింద నుంచి ఆ పిల్ల గుండె కొట్టుకోవడం ఆయనకు తెలుస్తున్నట్టుంది. కాసేపటికి చాలా చిన్న గొంతుతో అన్నాడు.

"ఇది మగపెళ్ళివారి వైపు."

ఆ మాట ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళేసరికి గుడ్డంతా నవ్వుతో ఊగిపోయింది. గుడ్డ ఊగితే పిల్లలు బెదురుతాయని జిబెక్ కేకలేసింది. కేకలేస్తూ తనూ నవ్వింది. నవ్వు ఆపుకోలేక ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

అన్నిటినీ పట్టి గొర్రెల పాకలోకి చేర్చాక అసలు చిక్కు ఎదురైంది. ఆఫీసు దగ్గర వెచ్చగా ఉండే గది ఒక్కటే ఉంది. అందులో నాలుగు పక్షులకు మించి పట్టవు. రక్షిత ప్రాంతం డైరెక్టరు కూడా పెళ్ళికి వచ్చిన అతిథే, నీళ్ళు కారుతున్న టై పిండుకుంటూ అక్కడే ఉన్నాడు. ఎటు చూసినా దారి లేదన్నాడు.

"మా ఊరి వెనక ఉప్పు చెరువుంది" అన్నాడు మదియార్. "నడిచలికాలం కూడా గడ్డకట్టదు. రాజహంసలు కిందటేడు అక్కడ దిగాయి. జిబెక్‌కి ఫొటో కూడా పంపాను."

జిబెక్ అతని చెవుల వైపు చూసింది. చలికి తెల్లగా ఉన్నాయి.

"పన్నెండొందల కిలోమీటర్లు" అన్నాడు డైరెక్టరు.

"ఎలాగూ వెళ్తున్నాం కదండీ. ఒక్కర్ని తీసుకెళ్దామని వచ్చాం, ఇరవై నలుగుర్ని తీసుకెళ్తాం. లారీలో ఖర్బూజాల గడ్డి ఇంకా అలాగే ఉంది."

డైరెక్టరు పెళ్ళిపిలుపు కార్డు వెనక అనుమతి రాశాడు. పక్షులు ఇరవై మూడు, రకం, ఎక్కడి నుంచి ఎక్కడికి, కారణం అకాల శీతం. ముద్ర ఆయన కోటు జేబులోనే ఉంది. పెళ్ళికి ముద్ర ఎందుకు తెచ్చారని భార్య అడిగితే, ఎప్పుడు ఏం వస్తుందో అన్నాడు.

ఇక మిగిలింది సారె. లారీలో అప్పటికే తివాచీ, చెక్కపెట్టె, పన్నెండు పట్టు బొంతలు ఎక్కించి ఉన్నాయి. ఆ బొంతలు కుల్పాష్ నాలుగేళ్ళు కూర్చుని కుట్టినవి.

"అటూ ఇటూ ఊగితే పిల్లలకి పక్కగోడలు తగులుతాయి" అంది జిబెక్ నేల చూస్తూ. "మెత్తగా ఏమన్నా కట్టాలి వదినా."

"చూడు, నేను మాట్లాడట్లేదు" అంది కుల్పాష్.

"పాత గోనె సంచులున్నా చాలు."

"గోనె సంచులా. మీ అత్తవారి ముందు మా ఇంటి ఆడపిల్లలు గోనె సంచుల్లో దిగాలా?" కుల్పాష్ సుత్తి అందుకుంది. ఎర్ర బొంత ఒకటి, నీలం బొంత ఒకటి, లారీ చెక్కలకి తనే మేకులు కొట్టింది. ఒక్కో మేకుకీ ఒక్కో తిట్టు తిట్టింది. చివరి బొంత కొట్టేటప్పుడు మాత్రం తిట్టు రాలేదు. కళ్ళు తుడుచుకుంది. "వాటిని చూసి కాదు" అంది.

విందు గుడ్డకి బురద అంటుకోవడం వల్ల గుర్రం మాంసం, వెడల్పాటి పిండి రేకులు పళ్ళేల్లోనే వడ్డించారు. అందరూ బూట్లు పొయ్యి చుట్టూ ఆరబెట్టుకుని, వట్టికాళ్ళతో తిన్నారు. సాగనంపే పాట జిబెక్ పాడాలి. పుట్టిల్లు వదిలి వెళ్ళేముందు పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడి ఏడుస్తూ పాడే పాట. మొదటి పాదం అందుకుంది. "నా గడపా, నా వాకిలీ" అనగానే లారీలోంచి ఇరవై మూడు గొంతులు బాతుల్లా వంత పాడాయి. రెండో పాదానికీ అంతే. ఏడవడానికి సిద్ధంగా రుమాళ్ళు తీసిన పెద్దమ్మలు వాటిని నోళ్ళలో కుక్కుకున్నారు. మూడో పాదం ఎవరూ పాడలేదు. కుల్పాష్ ఆడపడుచుని గట్టిగా పట్టుకుని, "వెళ్ళు. వెనక్కి చూడకు. చూస్తే నేను టోపీతో సహా ఎక్కేస్తాను" అంది.

జిబెక్ అలంకరించిన వ్యానులో ఎక్కలేదు. లారీలో మదియార్ పక్కన కూర్చుంది. రెండు గంటలకోసారి ఆపి, నీళ్ళలో నానబెట్టిన జొన్నపిండిలో ఎండిన ఉప్పునీటి రొయ్యపొట్టు కలిపి తొట్లలో పోసింది. అవి ముక్కులు తలకిందులుగా పెట్టి జల్లెడ పట్టినట్టు తిన్నాయి. ఒక పిల్ల మాత్రం తినలేదు. మూడోసారి ఆపినప్పుడు అది గడ్డిలో మెడ వాల్చేసి ఉంది. ఇద్దరూ దాన్ని రోడ్డు పక్కన పాతి, పైన రాయి పెట్టారు. మదియార్ తన చేతితొడుగులు తీసి ఆమె చేతులకు తొడిగాడు.

రాత్రి బాగా పొద్దుపోయాక ఒక చెక్‌పోస్టు వచ్చింది. కుర్ర పోలీసు ఒకడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోపలేముంది?"

"పెళ్ళికూతురి సారె" అన్నాడు మదియార్.

"పెళ్ళికూతురేది?"

"నేనే" అంది జిబెక్. పట్టు గౌను నిండా బురద, రెట్టలు, జుట్టులో గడ్డి పరకలు.

పోలీసు ఆమెను పైనుంచి కిందికి చూసి, అనుమానంగా వెనక్కి వెళ్ళి, టార్చిలైటు వేసి టార్పాలిన్ ఎత్తాడు. ఎర్ర పట్టు బొంతల మధ్య నుంచి ఇరవై రెండు మెడలు ఒక్కసారి అతని వైపు తిరిగాయి. ఒకటి ముందుకు వంగి అతని టోపీ మీది బిళ్ళని శ్రద్ధగా జల్లెడ పట్టింది. అతను టార్పాలిన్ మెల్లగా దించేసి వచ్చాడు.

"వాళ్ళెవరు?"

"నా చెల్లెళ్ళు" అంది జిబెక్. "తోడు పెళ్ళికూతుళ్ళు."

వెనక వ్యానులోంచి నుర్తజా దిగి, ముద్రేసిన పెళ్ళికార్డు చూపించాడు. పోలీసు రెండు సార్లు చదివాడు. తర్వాత జీపు తీసి, ఎర్ర దీపం వెలిగించి, ముందర తను నడుపుతూ ఊరు దాటేదాకా సాగనంపాడు. వీడ్కోలు చెప్పేటప్పుడు తనకింకా పెళ్ళి కాలేదన్న సంగతి కుశలప్రశ్నల్లో కలిపేశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఎండ తగిలింది. గాలిలో మంచు వాసన లేదు. మగపెళ్ళివారి ఊరు మొదట్లో జనం, డోలక్, గొర్రెపిల్లల పులుసు వాసన. కోడలికి ముసుగు తీసే వేడుకకి వాకిట్లో తివాచీ పరిచి ఉంది. వ్యాను తివాచీ ముందు ఆగలేదు. నుర్తజా కిటికీలోంచి సగం బయటికొచ్చి, "చెరువుకి. అందరూ చెరువుకి" అని అరుచుకుంటూ పోయాడు. వెనక లారీ. వెనక ఊరు. పులుసు గుండిగలు మాత్రం కదల్లేదు.

చెరువు ఒడ్డున లారీ తలుపు దించి, గడ్డి మీదుగా చెక్క వేశారు. మొదటి పిల్ల చెక్క చివర నిలబడి, కాలు నీళ్ళలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. తర్వాత మిగతావి ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ దిగాయి. రాత్రంతా బిగుసుకుపోయిన కాళ్ళు తూలుతున్నాయి. పది అడుగులు వెళ్ళి, తలలు నీళ్ళలో ముంచి, బురద జల్లిస్తూ మేయడం మొదలెట్టాయి. జిబెక్ ఒక్కోదాన్నీ లెక్కపెట్టి, ఇరవై రెండూ అయ్యాక ఒడ్డున కూలబడింది. ఎక్కిళ్ళు మళ్ళీ మొదలయ్యాయి.

అప్పుడొచ్చింది అత్తగారు జౌరే. పొట్టి మనిషి, చేతిలో మిఠాయిల పళ్ళెం. కొత్త కోడలి మీద చల్లడానికి తెచ్చినవి. కోడలి వైపు చూసింది, పక్షుల వైపు చూసింది.

"ఇంతమంది పేర్లు నేనొక్కసారి గుర్తుపెట్టుకోలేనమ్మా" అంది. "ముందు నీ పేరు చెప్పు."

ముసుగు అక్కడే వేశారు, అక్కడే తీశారు. పాటగాడు రెండు తీగల దొంబ్రా మీటుతూ ఒక్కో బంధువు పేరూ పాడుతుంటే జిబెక్ వంగి దండాలు పెట్టింది. రబ్బరు బూట్లలోంచి నీళ్ళు ప్రతి దండానికీ కిచకిచమన్నాయి. మామ వరసలు, అత్త వరసలు అయ్యాక పాటగాడు చెరువు వైపు తిరిగి, పొడుగు కాళ్ళ చెల్లెళ్ళకి, వంకర ముక్కుల మరదళ్ళకి కూడా దండాలు పెట్టమన్నాడు. ఊరంతా పెట్టింది. జౌరే మిఠాయిలు చల్లింది. చాలామటుకు నీళ్ళలో పడ్డాయి.

తర్వాత పన్నెండు రోజులు ఆ ఊళ్ళో పనులు ఆలస్యంగా జరిగాయి. ఎవరి దారి అయినా చెరువు మీదుగానే పోయింది. నక్కలు రాకుండా కాపలాకి నుర్తజా గాడిద వేసుకుని రోజూ గట్టు చుట్టూ తిరిగాడు. పిల్లలు పొద్దున్నే గాలికి ఎదురుగా రెక్కలు విప్పి నీళ్ళ మీద పరిగెత్తడం, కాస్త లేవడం, ధబ్బున పడడం. పడినప్పుడల్లా ఒడ్డున జనం తమకే దెబ్బ తగిలినట్టు అయ్యో అనుకున్నారు.

పదమూడో రోజు పొద్దున ఉత్తరపు గాలి గట్టిగా వీచింది. జిబెక్, మదియార్ గట్టు మీద టీ తాగుతున్నారు. పిల్లలన్నీ ఒకే వైపు తిరిగి నిలబడ్డాయి. ఒకటి పరుగు అందుకుంది. దాని వెనక గుంపు. నీళ్ళు టపటపమన్నాయి. గట్టు మీద నుర్తజా గాడిదని వాటితో సమానంగా తోలుతూ, "పరిగెత్తండమ్మా, పరిగెత్తండి, ఆగకండి" అని అరుస్తున్నాడు. గాడిద జీవితంలో మొదటిసారి పరిగెత్తింది. ముందు పిల్ల కాళ్ళు నీళ్ళను వదిలాయి. తర్వాత ఇంకో నాలుగు. తర్వాత ఎన్నో. రెక్కల కింద అంతవరకూ ఎవరికీ కనపడని లేత గులాబీ రంగు ఒక్కసారి ఆకాశంలో మెరిసింది. చెరువు చుట్టూ ఒక తిరుగు తిరిగి, తీగలా సాగి, దక్షిణానికి పోయాయి.

మదియార్ వేళ్ళ మీద లెక్కపెట్టి పందొమ్మిదన్నాడు, మళ్ళీ లెక్కపెట్టి ఇరవై ఒకటన్నాడు. జిబెక్ అతని భుజం పట్టుకుని అక్కడికక్కడే గంతులేసింది. నలభై మూడేళ్ళ మనిషి అలా గంతులేయడం చూసి గాడిద కూడా ఆగి చూసింది.

వదినకి ఫోను చేసింది.

"ఎగిరాయి వదినా. ఇరవై."

అవతల ముక్కు చీదిన శబ్దం వచ్చింది.

"మిగతా రెండూ?"

"ఇంకా ఆలోచిస్తున్నాయి."

"మన ఇంటి పిల్లలే" అంది కుల్పాష్.

ఆ రెండూ నాలుగు రోజులు ఆలోచించి వెళ్ళిపోయాయి. అవి వెళ్ళేటప్పుడు గట్టు మీద ఒక్కరూ లేరు. ఆ పూట నుర్తజా మనవడికి పుట్టినరోజు, ఊరంతా భోజనాల దగ్గర ఉంది.